ఉప్పునీళ్లే కావచ్చు

మూడు రోజులకోసారి వాటికి మేత మారుస్తాను.
లేత గులాబి రంగు నీళ్లు.
పసుపుకి తిరిగాయంటే ఆకలి మీదున్నాయని లెక్క.
యలహంకలో, రెండో అంతస్తులో, కిటికీ లేని గదిలో
పదకొండు ఫ్లాస్కులు, ఒంటి వెచ్చదనంలో.

గాలి మాత్రం పిసినారిగా ఇవ్వాలి.
వెన్నుపూసల నడుమ ఆ డిస్కు లోపలికి
ఒక్క రక్తనాళమూ పోదు.
అక్కడ కాపురముండేవి
లైను చివరి ఇంటివాళ్లు కొళాయి కింద బిందె పెట్టి కూచున్నట్టు
అంచుల్లోంచి ఊరి వచ్చిందే తాగి బతకాలి.
ఇక్కడ ధారాళంగా పోసి పెంచితే
అక్కడ ఓర్చుకోలేవు.

"ఇంత పేదింటికి కాపురానికి ఎవురు పోతారు మా?"
అని నవ్వినాడు గంగులప్ప.

చింతామణి మనిషి. అత్తిబెలె రూటులో బస్సు, ఇరవై మూడేళ్లు.
సమ్మతి పత్రం కన్నడంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి.
మూడోది నా నోరు.
వెలిగే పలక మీద ఫిల్ము పెట్టి చూపించాను.
పై డిస్కులన్నీ తెల్లగా, నీళ్లు నిండిన తాటిముంజల్లా ఉన్నాయి.
నాలుగుకీ అయిదుకీ నడుమది మాత్రం
నల్లగా, అణిగిపోయి, పిండేసిన చింతతొక్కు.
చాలాసేపు చూసి, వేలు పెట్టి,
"ఇది సిల్క్ బోర్డు ముందరి గుంత" అన్నాడు.
"నాకు బాగా తెలుసు దీన్ని."

చెప్పాల్సిందంతా చెప్పాను.
ఎవరో ముక్కూమొహం తెలియని దాత ఇచ్చిన కణాలు.
నిలవొచ్చు, నిలవకపోవచ్చు.
కొత్త జిగురు అల్లొచ్చు. లేదా
అక్కడున్న ముసలి కణాలకి నాలుగు మంచిమాటలు చెప్పి
తాము చచ్చిపోవచ్చు.
ఇద్దరిలో ఒకరికే కణాలు. రెండోవారికి ఉప్పునీళ్లు.
ఎవరికేదో మీకు తెలీదు. సూది వేసే డాక్టరుకీ తెలీదు.

"నీకు?"

నేను పెంచుతాను, లెక్కపెడతాను, సీసాకెత్తి పంపుతాను.
పక్క గదిలో ఒకాయన కవరు చించి చూసి,
సిరంజికి వెండి కాగితం చుట్టి ఇస్తాడు.
ఆయన మాతో టీకి కూడా రాడు.

రాత్రి పడుకుంటే డిస్కులు నీళ్లు తాగి ఉబ్బుతాయి,
పొద్దున్నే మనిషి కొద్దిగా పొడుగవుతాడు,
సాయంత్రానికి ఊరు ఆ కాస్తా వసూలు చేసుకుంటుంది
అని చెబితే, ఉలిక్కిపడి చూశాడు.
"అదా సంగతి! పొద్దున షిఫ్టులో అద్దం పైకి తిప్పుకుంటాండ్య,
మద్దేన్నానికి మళ్లీ కిందికి.
కండక్టరు నాకు చాదస్తం అంటాండె.
వాడికి ఈ మాట చెప్పల్ల."

ఆగస్టులో ఒక ఫ్లాస్కు మబ్బు పట్టింది. బూజు.
బ్లీచు పోసి సింకులో వొంపేశాను.
పుస్తకంలో తేదీ రాసి సంతకం చేశాను.
ఆ రోజు డబ్బా విప్పకుండానే ఇంటికి తీసుకుపోయాను.

ఆరు నెలలకి వచ్చాడు.
నొప్పికి పదిలో ఎంత వేస్తారని అడిగాను.
అప్పుడు ఎనిమిది. ఇప్పుడు నాలుగు,
హెబ్బాళ దాటేటప్పుడు అయిదు.
"కింద కూసోని ముద్ద తిన్నా మా.
నేనే లేసినా. ఎవురూ చెయ్యి ఇయ్యలా."
గొంతు తగ్గించి మళ్లీ అదే ప్రశ్న.
ఇంకో ఏడాదిన్నరకి గానీ ఆ జాబితా తెరవరని చెప్పాను.
తెరిస్తే ఏముంటుందో. నాలుగు అన్న అంకె
కణాలదా, కాలానిదా, మంచంపట్టి తీసుకున్న విశ్రాంతిదా,
ఒకరు కూచోబెట్టి తెలుగులో మాట్లాడినందుకా.

గడప దగ్గర ఆగి అన్నాడు:
"ఉప్పునీళ్లే అయితే అయినాయిలే.
ఆ ఉప్పు యాడ దొరుకుతాదో చెప్పు.
మా డిపోలో ఇంకా పంతొమ్మిది మంది ఉండారు."

నవ్వాను. నవ్వితే నాకు ఎడమ కాలిదాకా లాగింది.
తొమ్మిదేళ్లుగా ఇదే స్టూలు, ఇదే వంగడం.
నా ఫిల్ము నేను ఎవరికీ చూపించలేదు.
ఒక చెయ్యి బల్లకి ఆనించి, ఒకటి నడుముకి పెట్టి
మెల్లిగా లేచాను.
అయిదో ఫ్లాస్కు పసుపుకి తిరుగుతోంది.